హిరోఆకి మిత్సుయా వైద్యవరుని ఔషధపరిశోధనము – మన కర్తవ్యము

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్మాజ్ఞాపించిరి. మేము ముప్పదియైదేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి నొందినవారము. ఇట్టి సభలలో మన కులమున బుట్టి పేరుగాంచిన దాతలను, పండితులను ప్రస్తుతించుట ఆచారము. ఆ యాచారమును మేమును గౌరవింతుము. అయినను ఈ యేడు మన కులమునకు గాని, మన దేశమునకు గాని చెందని యొక వైద్యుని చరిత్రమును మీ ముందుంచ దలచితిమి. ఆయన జపానుదేశస్థుడు, పేరు హిరోఆకి మిత్సుయా. హెచ్.ఐ.వి. యను వైరసును అరికట్టి, ప్రభుత్వానుమతి బడసిన మొట్టమొదటి మందుయొక్క గుణమును ప్రయోగశాలలో నిరూపించినవాడు. ఇట్టి విషయమునకును మన సంఘమునకును సంబంధమేమని మీకు దోచవచ్చును. ఆ సంబంధమును ఉపన్యాసాంతమున విన్నవింతుము. అందాక ఓర్పుతో నాలకింప వేడుచున్నాము.

ముందుగా పేరును విచారింతము. వైరసు అనునది లాటినుభాషా పదము. ఆ భాషలో దానికి విషమని యర్థము. మన సంస్కృతమందలి విషశబ్దమును ఆ లాటిను శబ్దమును ఒక్క మూలమునుండి పుట్టిన తోబుట్టువులని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అయితే పాము కోఱలోని విషము తానుగా పెరుగదు, వైరసు పెరుగును. తనంతట తాను పెరుగజాలక, అది ప్రాణియొక్క కణమున జొచ్చి, ఆ కణముచేతనే తన ప్రతులను వ్రాయించుకొనును. హెచ్.ఐ.వి. జొచ్చు కణములు శరీరమునకు కావలివారైన తెల్ల కణములలో నొక తెగ. కావలివాడే దొంగకు పనివాడైనచో ఇంటికి రక్ష యెక్కడిది? మందు లేనిచో కొన్నేండ్లకు ఆ కావలి క్షీణించును. అప్పుడు సామాన్యులను బాధింపని సూక్ష్మజీవులు సయితము ప్రాణాంతకము లగును. ఆ దశకే ఎయిడ్సు అని పేరు.

ఈ వ్యాధిని 1981 జూనులో అమెరికా వైద్యులు మొదట ప్రకటించిరి. 1983లో పారిసునగరమందలి పాస్తర్ సంస్థలో ఫ్రాంస్వాజ్ బారె-సినూసి, లుక్ మోంతాన్యె అనువారును వారి సహచరులును దీని వైరసును వేరుపఱచిరి. అందులకు వారిరువురికి 2008లో నోబెల్ బహుమానము లభించెను. 1984లో అమెరికాయందు రాబర్ట్ గాలో బృందమువారు ఆ వైరసే వ్యాధికి కారణమని బలమైన నిదర్శనములు చూపిరి. మన దేశమున 1986లో మదరాసు వైద్యకళాశాలకు చెందిన సునీతి సాలమన్ గారును, ఆమె శిష్యురాలు సెల్లప్పన్ నిర్మలగారును మొదటిసారిగా ఈ వైరసు ఉనికిని బయల్పఱచిరి.

ఇట్లు కారణము తెలిసెను. మందు మాత్రము లేదు. ఈ జాతి వైరసు తన వ్రాతను మన కణముయొక్క మూలగ్రంథములోనే చేర్చి కుట్టివేయును. అట్టిదానికి మందు సాధ్యమా యని పెద్ద శాస్త్రజ్ఞులే సందేహించిన దినములవి. అట్టి సమయమున మిత్సుయా ఈ పనికి బూనుకొనెను.

ఆయన 1950వ సంవత్సరమున జపానునందలి క్యూషూ ద్వీపమున నాగసాకి ప్రాంతమందు జన్మించెను. ఆ ద్వీపమందే కుమమోతో విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించి 1975లో పట్టము బడసెను. క్యూషూయందు తెల్ల కణములకు కాన్సరు కలిగించు మఱియొక వైరసు చాలకాలమునుండి ప్రబలియున్నది. 1982లో మిత్సుయా అమెరికాయందలి జాతీయ కాన్సరు సంస్థకు వెడలి, సామ్యూల్ బ్రోడర్ అను వైద్యుని ప్రయోగశాలలో జేరి, ఆ కాన్సరు వైరసునకును తెల్ల కణములకును జరుగు పోరును పరిశోధించెను. కావున హెచ్.ఐ.వి. వచ్చునాటికి తెల్ల కణములను నాళికలలో పెంచుటయు, పోషించుటయు ఆయనకు చేతనైన విద్య. కాలము వచ్చినప్పుడు పనికివచ్చునది ముందు నేర్చిన విద్యయే కదా.

ఇచ్చట నొక సంగతి గమనింప వేడుచున్నాము. మిత్సుయా ఈ వైరసుతో పని యారంభింపబోగా, ప్రయోగశాలయందలి తోడివారు కలవరపడిరి. ఆ విషమును తమ గదిలోనికి తేవలదని కోరిరి. వారు చదువురాని వారు కారు. వైరసు నెఱిగిన విద్వాంసులు. మందు లేని వ్యాధి గనుక వారి భయమునకు హేతువును కలదు. అందుచేత మిత్సుయా గాలోగారి ప్రయోగశాలయందు చోటు సంపాదించుకొని, అందలివారు పని ముగించి వెడలిన పిదప, సాయంకాలము మొదలుకొని రాత్రి చాల ప్రొద్దుపోవువఱకు ఒంటరిగా పనిచేసెను. ఆయన ధైర్యము గుడ్డి ధైర్యము కాదు. ఈ వైరసు ఏ మార్గమున సోకునో, ఏ మార్గమున సోకదో తెలిసి, తగు జాగ్రత్తతో చేసిన పని. భయమునకు విరుగుడు సాహసము గాదు, జ్ఞానమని ఈ యొక్క సంగతివలన మనకు తెలియుచున్నది.

ఆయన యేర్పఱచిన పరీక్ష వినుటకు సులభము. వైరసు సోకిన కొలదిదినములకే చచ్చు తెల్ల కణములను ఆయన సిద్ధపఱచెను. వానిని నాళికలలో నుంచి వైరసును కలుపును. కొన్నింట పరీక్షింపవలసిన పదార్థమును జేర్చును, కొన్నింట జేర్పడు. జేర్పని నాళికలలో కణములు చచ్చును. జేర్చిన నాళికలో కణములు బ్రదికినచో ఆ పదార్థము వైరసును ఆపినదన్నమాట. వైరసు లేని నాళికలోనికిని అదే పదార్థమును వేసి, అది కణములకు హాని చేయదని కూడ చూడవలెను. వైరసుతో పాటు కణమును చంపునది మందనిపించుకొనదు గదా.

మొదట ఆఫ్రికాదేశపు నిద్రావ్యాధికి వాడు సురామిన్ అను పాతమందు నాళికలో వైరసును ఆపెను. ఆ ఫలితమును మిత్సుయా, ఆయన సహచరులు 1984లో సైన్సు పత్రికయందు ప్రకటించిరి. రోగులకిచ్చి చూడగా అది మేలు చేయకపోగా బాధ కలిగించెను. నాళికలోని జయము దేహములో జయము గాదని ఆ యనుభవము నేర్పెను. పరిశోధకులు పని మానలేదు.

పిమ్మట వచ్చినది ఎ.జడ్.టి. దీని పూర్వకథ చెప్పదగినది. దీనిని 1964లో డెట్రాయిట్ నగరమున జెరోం హార్విట్జ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు కాన్సరుకొఱకు నిర్మించెను. కాన్సరునకు అది పనిచేయలేదు. ఆయన దానిపై హక్కుపత్రమైనను తీసికొనక విడిచిపెట్టెను. 1974లో జర్మనీయందు వోల్ఫ్రాం ఓస్టర్‌టాగ్ ఎలుకల వైరసును అది ఆపునని చూపెను. నాడు దానిని పట్టించుకొన్నవారు లేరు. ఇరువదియేండ్లు అరలో పడియున్న ఆ పదార్థమును బరోస్ వెల్‌కం అను మందుల కంపెనీవారు మరల బయటికి దీసి జంతువుల వైరసులపై పరీక్షించిరి. సజీవమైన హెచ్.ఐ.వి.తో పరీక్షించు ఏర్పాటు వారికి లేనందున, పేర్లు తెలుపక గుర్తులు మాత్రము వ్రాసిన పదార్థములను బ్రోడర్ ప్రయోగశాలకు పంపిరి. 1985 ఫిబ్రవరిలో మిత్సుయా వానిని పరీక్షింపగా, ఒక పదార్థము వేసిన నాళికలో కణములు చావక నిలిచెను. అదియే ఎ.జడ్.టి. ఆ ఫలితము ఆ యేడు అక్టోబరులో అమెరికా జాతీయ విజ్ఞానపరిషత్తు వారి పత్రికయందు మిత్సుయా ప్రథమ కర్తగా ప్రకటితమయ్యెను.

అంతకుముందే, 1985 జూలై 3వ తేదీని, మొదటి రోగికి ఆ మందు నిచ్చిరి. రాబర్ట్ యార్చోవన్ మొదలగు సహచరులతో గూడి 19 మంది రోగులకిచ్చిన ఫలితములను 1986లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిరి. వారిలో 15 మందికి కావలి కణములు పెరిగెను. పిమ్మట 282 మందితో పెద్ద పరీక్ష జరిగెను. వారిలో 145 మందికి మందును, 137 మందికి మందువలె గనబడు వట్టి గుళికను ఇచ్చిరి. మందు పుచ్చుకొన్నవారిలో ఒకడు చనిపోగా, పుచ్చుకొననివారిలో 19 మంది చనిపోయిరి. ఇక అందఱికిని మందియ్యకుండుట అధర్మమని 1986 సెప్టెంబరులో పరీక్షను నడుమనే ఆపివేసిరి. 1987 మార్చి 19న అమెరికా ప్రభుత్వము అనుమతి నిచ్చెను. నాళికలో కణములు నిలిచిన దినమునుండి రెండేండ్ల యొక నెల మాత్రమే.

ఈ మందు పనిచేయు తెఱగును మా పాఠశాలాపద్ధతిని వివరింతుము. వైరసు తన ప్రతిని వ్రాయించుకొనునప్పుడు నాలుగక్షరముల లిపిని వాడును. ఒక్కొక యక్షరమునకు వెనుకటిదానితో గలియుట కొక చేయియు, ముందు రాబోవుదానిని బట్టుట కొక చేయియు నుండును. ఎ.జడ్.టి. చూచుటకు ఆ యక్షరములలో నొకదానివలెనే యుండును. ముందటి చేయి మాత్రము లేదు. వైరసుయొక్క లేఖకుడు, అనగా రివర్సు ట్రాన్‌స్క్రిప్టేజు అను ఎంజైము, దానిని నిజమైన యక్షరమని భ్రమించి వ్రాతలో జేర్చును. తరువాతి యక్షరము వచ్చి పట్టుటకు చేయి లేదు. వ్రాత అంతటితో నిలిచిపోవును. సంస్కృతవ్యాకరణమున ప్రగృహ్యమను సంజ్ఞ గలదు. ద్వివచనాంతములైన ఈ, ఊ, ఏకారములకు ఆ సంజ్ఞ. అట్టి పదమునకు అచ్చు పరమైనను సంధి జరుగదు. ఎ.జడ్.టి. వైరసు వ్రాతలో జొరబడిన ప్రగృహ్యము వంటిది. మన కణములలోని లేఖకుడు మఱింత జాగరూకుడు గావున చాలవఱకు ఈ దొంగ యక్షరమును నిరాకరించును. అయినను ఎముకలలోని మూలుగకు కొంత హాని కలిగి, రక్తహీనత వచ్చుట కద్దు. అందుచేత దానిమోతాదు పిమ్మట తగ్గింపబడెను.

ఇక ధర మాట. అనుమతి లభించినప్పుడు ఎ.జడ్.టి. వెల సంవత్సరమునకు సుమారు 10,000 డాలర్లు. లోకములో నదియే అతి ఖరీదైన మందులలో నొకటి యయ్యెను. ప్రభుత్వధనముతో మొదట నిర్మింపబడినది; ప్రభుత్వప్రయోగశాలలో గుణము నిరూపింపబడినది; హక్కుపత్రము మాత్రము కంపెనీదే. అందు మిత్సుయా పేరు గాని, బ్రోడర్ పేరు గాని లేదు. ఆ వివాదము న్యాయస్థానముల కెక్కగా, 1994లో అమెరికా ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము చాలవఱకు కంపెనీ పక్షముననే తీర్పు చెప్పెను. తీర్పు నటుండనిండు. తీర్పు వచ్చువఱకు పరిశోధకుడు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1986లోనే మిత్సుయా, బ్రోడరులు అదే పరిషత్పత్రికయందు మఱియొక వ్యాసము ప్రకటించి, ముందటి చేయి లేని యక్షరముల వర్గమంతయు ఈ వైరసును ఆపగలదని చూపిరి. ఆ వర్గమునుండియే డి.డి.ఐ. 1991లోను, డి.డి.సి. 1992లోను మందులుగా అనుమతి బడసెను. ఈసారి హక్కులను అమెరికాప్రభుత్వము తనయొద్దనే యుంచుకొని కంపెనీలకు లైసెన్సు నిచ్చెను.

అయినను కథ ముగియలేదు. తాళపత్రగ్రంథములకు ప్రతులు వ్రాసిన లేఖకులనుగూర్చి మీకు తెలియును. శ్రద్ధలేని లేఖకుడు పుటకొక తప్పు వ్రాయును. ప్రతికి ప్రతికి పాఠాంతరములు పుట్టును. వైరసుయొక్క లేఖకుడు అట్టివాడు. వ్రాసినదానిని దిద్దుకొను అలవాటు వానికి లేదు. ఆ తప్పులలో చాలభాగము వైరసునకే చేటు. కాని ఎప్పుడో యొక తప్పు దొంగ యక్షరమును గుర్తించు నేర్పును వానికి కలిగించును. అట్టి వైరసులు మందునకు లొంగక పెరుగును. ఎ.జడ్.టి.కి లొంగని వైరసు 1989లోనే కనబడెను. ఒక్క మందుతో కొంతకాలమే బ్రదుకు. పిమ్మట మందు మొద్దువారును. అందుచేత వేఱువేఱు చోట్ల దెబ్బకొట్టు మూడు మందుల నొక్కసారిగా నిచ్చు పద్ధతి యేర్పడెను. మూడింటికిని లొంగని తప్పులు ఒక్క ప్రతిలోనే పడుట మిక్కిలి యరుదు. 1996 జూలైలో కెనడాయందలి వాంకూవర్ సభలో ఆ ఫలితములు ప్రకటితములు కాగా, మరణశాసనమనుకొన్న వ్యాధి మందులతో బ్రదుకదగిన వ్యాధి యయ్యెను.

ఆ మూడింటిలో కొన్ని మందులు వేఱొక యెంజైమును ఆపునవి. వైరసు తన ప్రోటీనులను పొడవైన గొలుసుగా చేయించి, కత్తెరవంటి ప్రోటియేజు అను ఎంజైముతో ముక్కలుగా కత్తిరించుకొనును. ఆ కత్తెరను ఇఱికించు మందులు మొదట చక్కగా పనిచేసి, పిమ్మట వైరసు మార్పుల ముందు ఓడజొచ్చెను. ఇక్కడ మన దేశమున బుట్టి చదివి అమెరికాయందు స్థిరపడిన అరుణ్ ఘోష్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మిత్సుయాకు తోడయ్యెను. వైరసు తన యెంజైముయొక్క కొమ్మలను మార్చుకొనగలదు గాని, వెన్నెముకను మార్చుకొనజాలదు. కావున మందు ఆ వెన్నెముకనే పట్టవలెనని ఘోష్ సంకల్పించి కొత్త యణువులను నిర్మించెను. ఇతర మందులకు లొంగని వైరసులపై వానిని పరీక్షించు పని మిత్సుయా చేసెను. ఆయన 1997లో కుమమోతో విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి స్వీకరించియు, అమెరికా ప్రయోగశాలను విడువక రెండుచోట్లను పని నడిపెను. వారి వ్యాసము 2003లో ప్రకటితమయ్యెను. 2006 జూనులో ఆ మందు డరునావిర్ అను పేరుతో అనుమతి బడసెను. మొదటి మందు 1985లో. ఈ మందు 2006లో. నడుమ ఇరువదియొక్క యేండ్లు ఒక్క వైరసు నెదుట ఒక్క మనిషి నిలిచెను.

డరునావిర్ హక్కులలో అమెరికా జాతీయారోగ్యసంస్థలకును భాగము గలదు. పేదదేశములకు మందులు చౌకగా లభింపవలెనని 2010లో మెడిసిన్స్ పేటెంట్ పూల్ అను సంస్థ యేర్పడగా, దానికి మొట్టమొదట ధారపోయబడిన హక్కులు ఇవియే. ఎ.జడ్.టి. కథయందు లోకము చూచినదానికిని దీనికిని గల యంతరమును మీరే గ్రహింతురు.

ఇక ఈ కథలో మన తెలుగునాటికి గల భాగమును చెప్పుదుము. గుంటూరున బుట్టిన ఆళ్ల వెంకట రామారావుగారు హైదరాబాదునందలి భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు సంచాలకులుగా నుండగా, ఎ.జడ్.టి.ని మన దేశమందే తక్కువ ఖర్చుతో చేయు మార్గము అక్కడ రూపొందింపబడెను. 1990ల ఆరంభమున సిప్లా కంపెనీ దానిని గైకొని మందు తయారుచేసెను. నాటి మన చట్టము మందును చేయు పద్ధతికే గాని మందునకు హక్కుపత్రము నీయదు గావున అది సాధ్యమయ్యెను. 2001 ఫిబ్రవరిలో అదే కంపెనీకి చెందిన యూసుఫ్ హమీదుగారు మూడుమందుల చికిత్సను, ఎల్లలెఱుగక సేవచేయు వైద్యుల సంస్థకు రోగికి సంవత్సరమునకు 350 డాలర్ల కిత్తునని ప్రకటించిరి. అంతవఱకు పాశ్చాత్యదేశములలో దాని వెల పదివేల డాలర్లకు మించియుండెను. నేడు హైదరాబాదు కేంద్రముగా గల కర్మాగారములు ఈ మందులను ఆఫ్రికా మొదలగు ఖండములకు పంపుచున్నవి. జపానువాడు నాళికలో చూచినదానిని తెలుగువాడు పేదవాని చేతిలో మాత్రగా జేర్చుటలో తోడ్పడెను. విద్యకు కులము, దేశము లేవనుట సభలో చెప్పు మర్యాదమాట కాదని దీనివలన తెలియును.

2004 ఏప్రిల్ 1న మన కేంద్రప్రభుత్వము ఈ మందులను ఉచితముగా నిచ్చుట కారంభించెను. వ్యాధి యెక్కువగా నుండిన ఆఱు రాష్ట్రములలో మొదలుపెట్టిరి. నాటి ఆంధ్రప్రదేశము అందొకటి. ఇది మనకు గర్వకారణము గాదు. ఎన్ని యిండ్లలో దీపములారినవో తెలుపు సంగతి. నేడు పెద్దలకు మొదట నిచ్చు చికిత్స టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ అను మూడు మందులు గలిసిన ఒక్క మాత్ర, దినమున కొక్కటి. డి.డి.ఐ., డి.డి.సి. వాడుకనుండి తొలగినవి, ఎ.జడ్.టి. మునుపటివలె అందఱికిని మొదటి మందు గాదు. ముందు పుట్టిన విద్య తరువాతి విద్యకు చోటిచ్చి తప్పుకొనుట శాస్త్రమున అవమానము గాదు.

మందువలన రోగి బ్రదుకుటయే గాక మఱియొక మేలు గలదు. దానిని మీరందఱు మనసున నిలుపుకొన వేడుచున్నాము. గర్భిణికిని, పుట్టిన శిశువునకును ఎ.జడ్.టి. నిచ్చినచో బిడ్డకు వైరసు సోకుట నూటికి ఇరువదియైదున్నరనుండి ఎనిమిదికి తగ్గునని 1994లో తేలెను. నేటి చికిత్సతో అది మఱింత తగ్గినది. భార్యాభర్తలలో ఒకరికే వైరసు గల 1,763 జంటలతో, మన దేశముతో గూడ తొమ్మిది దేశములలో జరిపిన పరీక్షయందు, వెంటనే మందు మొదలిడినచో రెండవవారికి సోకుట నూటికి 96 వంతులు తగ్గునని 2011లో ప్రకటించిరి. ఐరోపాలో 888 జంటలను పరిశీలించి 2016లో ప్రకటించిన వ్యాసమున, మందుచేత రక్తమందలి వైరసు పరీక్షకు దొరకనంతగా అణగియున్నవారినుండి తమ జంటకు సోకిన దృష్టాంత మొక్కటియు కనబడలేదు. దాంపత్యముననే సోకని విషము, పంక్తిలో ప్రక్కన కూర్చుండి భుజించినంతమాత్రమున సోకునా? ఒక చెంబుతో నీరు త్రాగినను, ఒక గదిలో నిద్రించినను, ఒక బల్లపై చదివినను ఈ వైరసు సోకదు. మందు పుచ్చుకొననివానివలన సయితము ఆ మార్గములలో సోకదు.

మహాజనులారా! ఇప్పుడు ఉపన్యాసారంభమున మిగిల్చిన మాట కు వచ్చితిమి. మన సంఘ విద్యార్థివసతిగృహమునకు గతసంవత్సరము వచ్చిన దరఖాస్తులలో నొకటి నేటివఱకు తీర్మానము లేక పడియున్నది. బాలుని తండ్రి ఈ వ్యాధిచే గతించెనని తెలిసినమీదట కాగితము కదలలేదు. కాదనినవారు లేరు, ఔననినవారును లేరు. ఊరు, పేరు, తరగతి మేము చెప్పము. చట్టమును మర్యాదయు రెండును వారించుచున్నవి. ఆ బాలునకు వైరసు గలదో లేదో మేమెఱుగము. ఎఱుగవలసిన పనియు మనకు లేదు.

నిర్వాహకులు క్రూరులు గారు. వారిని మేము చాలకాలముగా నెఱుగుదుము. ఇతరుల తల్లిదండ్రులు తమ పిల్లలను తీసికొనిపోవుదురేమో యని వారి శంక. బాలుని ముందు పరీక్ష చేయించి, రోగము లేదని ధ్రువపత్రము తెమ్మనుడని మఱికొందఱి సలహా. మొదటిదానికి మా ప్రత్యుత్తరము ఇంతవఱకు చెప్పిన ఉపన్యాసమే. తల్లిదండ్రులను పిలిచి ఈ సంగతులు విప్పిచెప్పుడు. మేమే వచ్చి చెప్పుదుము. రెండవదానికి చట్టమే ప్రత్యుత్తరము. 2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరు 10న అమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టము, చదువునకు చేర్చుకొనుటకు ముందు ఈ పరీక్షను షరతుగా పెట్టరాదని శాసించుచున్నది. వ్యాధి కారణముగా విద్యను నిరాకరించుటయు, అట్టివారితో కలిసి నివసించు బంధువులను వేఱుగా చూచుటయు నిషిద్ధమని చెప్పుచున్నది. చట్టభయముచే చేయుటకంటె తెలిసి చేయుట మన సంఘమునకు గౌరవము.

కావున ఈ సభవారికి మూడు విన్నపములు చేయుచున్నాము. మొదటిది: ఈ దరఖాస్తును పాఠశాలలు తెఱచులోపున అంగీకరింపవలెను, ఇకమీద ఏ దరఖాస్తునందును ఇట్టి ప్రశ్న యడుగమని తీర్మానింపవలెను. రెండవది: మందు ఉచితమైనను, నెలనెలా చికిత్సాకేంద్రమునకు పోయివచ్చు బస్సుఖర్చులకును, ఆ దినపు కూలినష్టమునకును తాళలేక మందు మానువారు గలరు. మానినచో లేఖకుడు మరల వ్రాత మొదలిడును. మన సంఘనిధినుండి, పేరు బయటపడకుండ, ఒక్క విశ్వాసపాత్రుని చేతిమీదుగా వారికి దారిఖర్చు ముట్టునట్లు దాతలు ఏర్పాటు చేయవలెను. మూడవది: వివాహసంబంధములు చూచునపుడు వధూవరులిరువురును తమ యిష్టముతో, సమానముగా, రహస్యముగా పరీక్ష చేయించుకొనుట మంచిదని మన యువజనులకు తెలుపవలెను. అది నిర్బంధము కారాదు. ఒక పక్షమువారినే అడుగునది కారాదు.

మిత్సుయా నాటి రాత్రులలో చేతబట్టినది సజీవమైన వైరసు. అప్పటికి మందు లేదు. మనలను అడుగుచున్నది అంతటి పని కాదు. మందు గలిగిన దినములలో, తండ్రిలేని బాలునకు ఒక మంచము, ఒక కంచము, ఒక దీపము ఇమ్మని మాత్రమే. ఆ మహాశయునకు మనమీయగల సన్మానపత్రము వేఱొకటి లేదు. ఆ తీర్మానమును నేటి మధ్యాహ్నపు కార్యక్రమమునందే ప్రవేశపెట్ట నధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాము.

సర్వే జనాః సుఖినో భవంతు.